నాన్నగారి స్థలం అమ్ముతున్నాం: అమ్మ, చెల్లి రిలీజ్ డీడ్ రాసిస్తే పన్ను తగ్గుతుందా?

కొత్తబావి
నాన్నగారు 2008 డిసెంబరులో కొన్న 240 గజాల ఖాళీ స్థలం. స్టాంపులు, రిజిస్ట్రేషన్‌తో కలిపి డాక్యుమెంటు ఖర్చు 8,22,000. ఇప్పుడు 1,20,00,000 కి బేరం కుదిరింది, బ్రోకరుకు 1,20,000 ఇవ్వాలి. వీలునామా లేదు. వారసులం ముగ్గురం: అమ్మ (67 ఏళ్లు, వేరే ఆదాయం లేదు), నేను (జీతం 11 లక్షలు), చెల్లెలు. ఫిబ్రవరి 2026లో రిజిస్ట్రేషన్. అమ్మ, చెల్లి నా పేర రిలీజ్ డీడ్ (తమ వాటా హక్కు నాకు వదిలేసే పత్రం) రాసిచ్చేస్తే ఒక్క సంతకంతో పని అయిపోతుందని డాక్యుమెంటు రైటరు అంటున్నాడు. అలా చేస్తే పన్ను తగ్గుతుందా, పెరుగుతుందా? చట్ట ప్రకారం ఎంత తగ్గించుకోవచ్చు?

లెక్కల_మాస్టారు
రాయించకండి. ముందు ఆ పని ఆపండి, తర్వాత మిగతాది మాట్లాడుకుందాం.

లాభం ఎంతో చూడండి. 1,20,00,000 లోంచి బ్రోకరు 1,20,000, కొన్న ఖర్చు 8,22,000 తీసేస్తే 1,10,58,000. వారసత్వంగా వచ్చిన ఆస్తికి నాన్నగారు కొన్న ధరే మీ ధర, ఆయన ఉంచుకున్న కాలం కూడా మీ ఖాతాలోకే వస్తుంది. 24 నెలలు దాటింది కాబట్టి దీర్ఘకాలిక మూలధన లాభం, 12.5 శాతం.

రిలీజ్ డీడ్ రాయిస్తే మొత్తం లాభం మీ నెత్తిన పడుతుంది. 12.5 శాతం అంటే 13,82,250. మీ మొత్తం ఆదాయం కోటి దాటుతుంది కాబట్టి 15 శాతం సర్‌చార్జి (పెద్ద ఆదాయాలకు పన్ను మీద పడే అదనపు పన్ను), దాని మీద 4 శాతం సెస్సు. అంతా కలిపి 16,53,171. మీ జీతం మీద పన్నుకి కూడా సర్‌చార్జి తగులుతుంది, అది వేరు.

ముగ్గురూ కలిసి అమ్మితే తలా 36,86,000 లాభం. ఒక్కొక్కరికి పన్ను 4,60,750, సెస్సుతో 4,79,180. ముగ్గురిదీ కలిపితే 14,37,540. ఒక్క మినహాయింపూ వాడకుండానే 2 లక్షలకు పైగా తేడా. తగ్గింపులు పోను మీ జీతం 13.14 లక్షలు దాటి ఉంటే మొత్తం 50 లక్షలు దాటి మీ వాటాకు 10 శాతం సర్‌చార్జి వచ్చేది. 11 లక్షలే కాబట్టి తప్పించుకున్నారు.

పడమటిల్లు
మాస్టారు చెప్పిన దాంట్లో అసలు పెద్ద దెబ్బ ఇంకా రాలేదు. స్థలం అమ్మిన లాభాన్ని 54ఈసీ బాండ్లలో (ప్రభుత్వ సంస్థల బాండ్లు) 5 ఏళ్లు పెడితే దాని మీద పన్ను ఉండదు, వాటి పరిమితి మనిషికి 50 లక్షలు. రిలీజ్ డీడ్ రాయిస్తే ఒక్కరి పరిమితే మిగులుతుంది. 1,10,58,000 లో 50 లక్షలు బాండ్లలో పెట్టినా 60,58,000 మీద పన్ను కట్టాలి. సర్‌చార్జి 10 శాతం, సెస్సు కలిపి 8,66,294. ముగ్గురూ అమ్మితే తలా 36,86,000 బాండ్లలోకి వెళ్లిపోతుంది, పన్ను సున్నా.

కొత్తబావి
ఒక్క సంతకం కోసం ఎనిమిదిన్నర లక్షలా! రైటరుకి ఇప్పుడే ఫోన్ చేసి ఆపాను. కానీ పాత స్థలం కదా, ఇండెక్సేషన్ వేసి (కొన్న ధరను ధరల సూచీ ప్రకారం పెంచి) 20 శాతం కడితే లాభం కాదా? అది తీసేశారని కొందరు, ఉందని కొందరు అంటున్నారు.

లెక్కల_మాస్టారు
ఉంది, కొందరికే. 23 జూలై 2024 కి ముందు కొన్న స్థలం లేదా ఇల్లు, అమ్మేది భారత్‌లో నివాసి అయిన వ్యక్తి లేదా హిందూ అవిభక్త కుటుంబం అయితే రెండు లెక్కలూ వేసి తక్కువది కట్టొచ్చు.

మీ కేసులో: 2008-09 సూచీ 137, 2025-26 సూచీ 376. 8,22,000 ని 376తో గుణించి 137తో భాగిస్తే 22,56,000. లాభం 96,24,000, దాని మీద 20 శాతం 19,24,800. 12.5 శాతం దారిలో 13,82,250. కాబట్టి మీకు ఇండెక్సేషన్ దండగ.

ధర మెల్లగా పెరిగిన ఆస్తులకి మాత్రం అదే ప్రాణం. 2013-14లో (సూచీ 220) 40 లక్షలకు కొన్న ఫ్లాటు ఇప్పుడు 70 లక్షలకు అమ్మారనుకోండి. 12.5 శాతం దారిలో 3,75,000. ఇండెక్సేషన్ వేస్తే కొన్న ధర 68,36,364 అవుతుంది, లాభం 1,63,636, పన్ను 32,727. పదో వంతు కూడా లేదు. ఫ్లాటు అమ్మేవాళ్లు ఈ లెక్క వేయకుండా రిటర్ను వేయకూడదు.

గోదారిగట్టు
మాస్టారి మాటకు ఒక చేర్పు. ఆ 20 శాతం లెక్క పన్నుకి గరిష్ఠ పరిమితి పెట్టడానికే. చట్టం దృష్టిలో లాభం అంటే ఇండెక్సేషన్ లేని లాభమే. ఇండెక్సేషన్ వేసి నష్టం చూపించి ముందు సంవత్సరాలకు మోసుకెళ్లడం ఇప్పుడు కుదరదు. పాత అలవాటుతో కొందరు ఇంకా అలాగే వేస్తున్నారు, నోటీసు వస్తుంది.

1 ఏప్రిల్ 2001 కి ముందు కొన్న ఆస్తి అయితే ఆ తేదీ నాటి మార్కెట్ విలువ తీసుకోవచ్చు. అయితే ఆ నాటి స్టాంపు విలువ (రిజిస్ట్రేషన్‌కి ప్రభుత్వం కట్టిన విలువ) దొరికితే దాన్ని మించకూడదు. వాల్యుయర్ ఎంత రాసిచ్చినా సరే.

సర్వే_నంబరు
ఖర్చుల్లో ఇంకేమైనా మరిచారా చూడండి. ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ) కింద కట్టినది, ప్రహరీ గోడ ఖర్చు రసీదులతో ఉంటే మెరుగుదల ఖర్చుగా వేసుకోవచ్చు. ఏటా కట్టే ఖాళీ స్థలం పన్ను మాత్రం వేయకూడదు. నాన్నగారు అప్పట్లో డాక్యుమెంటు పైన నగదు ఇచ్చి ఉంటే అది లెక్కలోకి రాదు, దాని మీద ఆశ వదులుకోండి.

వేపచెట్టు
80సీ కింద (పీపీఎఫ్, ఎల్ఐసీ లాంటివి) లక్షన్నర పెడితే కొంత తగ్గదూ?

పడమటిల్లు
తగ్గదు. దీర్ఘకాలిక లాభం మీద 80సీ, 80డీ (ఆరోగ్య బీమా) ఏవీ పనిచేయవు, జీతం మీదే. అదే 54ఈసీ, 54ఎఫ్ (ఇల్లు కొన్నా కట్టినా వచ్చే మినహాయింపు) మాత్రం పన్ను పాత పద్ధతిలోనూ కొత్త పద్ధతిలోనూ పనిచేస్తాయి. కొత్త పద్ధతి ఎంచుకున్నాం కాబట్టి ఏ మినహాయింపూ లేదనుకుని పన్ను కట్టేసేవాళ్లు చాలామంది ఉన్నారు. అది తప్పు.

చింతతోపు
భార్య పేరుకి గిఫ్ట్ చేసి ఆమె చేత అమ్మిస్తే ఇంకో 50 లక్షల పరిమితి వస్తుంది కదా. లేదంటే కుటుంబాన్ని హెచ్‌యూఎఫ్‌గా (హిందూ అవిభక్త కుటుంబంగా) చూపిస్తే?

లెక్కల_మాస్టారు
రెండూ కుదరవు. ప్రతిఫలం లేకుండా భార్యకిచ్చిన ఆస్తి మీద వచ్చే లాభం సెక్షన్ 64 కింద మళ్లీ భర్త ఆదాయంలోనే కలుస్తుంది. మేజరైన కొడుక్కో కూతురికో ఇస్తే కలవదు, కానీ అమ్మకానికి వారం ముందు ఇస్తే ఎందుకిచ్చారన్న ప్రశ్న తప్పదు.

హెచ్‌యూఎఫ్ మాట: తండ్రి స్వార్జితం వారసత్వ చట్టం సెక్షన్ 8 కింద కొడుక్కి వస్తే అది అతని వ్యక్తిగత ఆస్తే. చందర్ సేన్ కేసులో 1986లో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఉన్న వారసుల సంఖ్యే ఇక్కడ బలం. కొత్తగా సృష్టించుకోనక్కర్లేదు, ఉన్నదాన్ని పోగొట్టుకోకుండా ఉంటే చాలు.

రాతపల్లె
బాండ్ల గురించి అందరూ సున్నా పన్ను అని మురిసిపోతున్నారు. 5 ఏళ్లు కదలకుండా 5.25 శాతం వడ్డీకి పెట్టడం, ఆ వడ్డీ మీద మళ్లీ పన్ను. దానికంటే పన్ను కట్టేసి స్వేచ్ఛగా ఉండటం మేలు.

పడమటిల్లు
లెక్క వేసి మాట్లాడదాం అన్నా. ఒక వాటా 36.86 లక్షలు. పన్ను కట్టేస్తే చేతిలో 32.07 లక్షలు. బాండ్లలో పెడితే 36.86 లక్షలూ పనిచేస్తుంది. వచ్చిన వడ్డీని అదే రేటున తిప్పినట్టు చూస్తే, వడ్డీ మీద పన్ను లేనివాళ్లకి ఆ 32.07 లక్షలు ఏటా 8.2 శాతం పెరిగితేనే సమానం అవుతుంది. 30 శాతం శ్లాబులో ఉన్నవాళ్లకి పన్ను పోగా ఆరున్నర శాతం రావాలి. అమ్మగారిలాంటి వాళ్లకు బాండ్లే మేలు, సందేహం లేదు. అప్పు మీద 9 శాతం వడ్డీ కడుతున్నవాళ్లకు మాత్రం మీ మాటే నిజం: పన్ను కట్టి అప్పు తీర్చుకోవడం మంచిది.

రాతపల్లె
ఆ తేడా ఒప్పుకుంటాను. కానీ ఐదేళ్లలోపు ఆ బాండ్లు తాకట్టు పెట్టి అప్పు తీసుకున్నా మినహాయింపు రద్దవుతుందని రాయండి. ఆసుపత్రి ఖర్చొస్తే ఆ డబ్బు అక్కరకు రాదు. పెద్దవాళ్ల మొత్తం డబ్బు అందులో పోయకూడదు.

పడమటిల్లు
నిజమే, అది రాయాల్సింది. మిగతా షరతులు కూడా: రిజిస్ట్రేషన్ తేదీ నుంచి 6 నెలల్లోపు కొనాలి. ఆర్‌ఈసీ, పీఎఫ్‌సీ, ఐఆర్‌ఎఫ్‌సీ బాండ్లు తీసుకోవచ్చు. ఒక బాండు 10,000 కాబట్టి 36,86,000 లాభానికి 36,90,000 పెట్టాలి. 36,80,000 పెట్టి ఆపితే 6,000 మీద పన్ను మిగిలిపోతుంది. దరఖాస్తు రోజు కాదు, డబ్బు ఖాతాలోంచి వెళ్లిన రోజు చూసుకోండి, ఆఖరి వారం దాకా ఆగవద్దు.

కొత్తబావి
నాకు హైదరాబాద్‌లో 2019లో కొన్న ఫ్లాటు ఉంది, దాని మీద లోను నడుస్తోంది. నా వాటాతో ఆ లోను తీర్చేస్తే 54ఎఫ్ వర్తిస్తుందా? లేక ఊళ్లో ఇల్లు కట్టుకుంటే?

గోదారిగట్టు
లోను తీర్చడానికి వర్తించదు. 54ఎఫ్ కింద కొత్త ఇల్లు అమ్మకానికి ఏడాది ముందు నుంచి రెండేళ్ల తర్వాత వరకు కొనాలి, లేదా మూడేళ్లలో కట్టాలి. 2019 ఫ్లాటు ఆ గడువులో లేదు.

ఊళ్లో ఇల్లు కడితే వర్తిస్తుంది. అమ్మే రోజున మీ పేర ఒకే ఇల్లు ఉంది కాబట్టి అర్హులే. రెండుంటే అర్హత పోయేది. వేరొకరితో సగం వాటా ఉన్న ఇంటిని ఒక ఇల్లుగా లెక్కించాలా అన్నదానిపై తీర్పులు రెండు వైపులా ఉన్నాయి. అలాంటిది ఉంటే ముందే చెప్పండి.

ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు: ఇల్లు అమ్మి ఇల్లు కొంటే (సెక్షన్ 54) లాభం పెడితే చాలు. స్థలం అమ్మి ఇల్లు కొంటే (54ఎఫ్) ఖర్చులు పోను వచ్చిన మొత్తం సొమ్ము పెట్టాలి. మీ వాటా 39,60,000. అందులో 30 లక్షలే ఇంటికి పెడితే దామాషాలో 27,92,424 కే మినహాయింపు. మిగిలిన 8,93,576 కి 9 లక్షల బాండ్లు కొనండి. రెండు సెక్షన్లూ కలిపి వాడుకోవచ్చు.

సర్వే_నంబరు
కట్టేది మీ పేరే ఉండాలి. భార్య పేర కడితే కోర్టు దాకా వెళ్లి గెలిచినవాళ్లున్నారు, ఓడినవాళ్లూ ఉన్నారు. ఎందుకొచ్చిన తంటా. అమ్మ కూడా తన వాటా కలిపితే డాక్యుమెంటులో ఇద్దరి పేర్లూ ఉంటే ఎవరు పెట్టినంతకు వారికి వస్తుంది. స్థలం ఒక్కటే కొని ఊరుకుంటే రాదు, ఇల్లు లేవాలి. కొత్త ఇంటిని మూడేళ్ల దాకా అమ్మకూడదు.

గోదారిగట్టు
ఇల్లు కట్టడానికి మూడేళ్లున్నాయి కదా అని డబ్బు మామూలు ఎఫ్‌డీలో ఉంచితే మినహాయింపు పోతుంది. రిటర్ను గడువు 31 జూలై 2026 లోపు, ఖర్చవ్వని సొమ్ము బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో (ఇలాంటి మినహాయింపుల కోసమే ఉన్న ప్రత్యేక ఖాతా) వేయాలి. ఫారం ఏ తో తెరుస్తారు. ఏ రకం సేవింగ్స్ లాంటిది, బీ రకం ఎఫ్‌డీ లాంటిది. మేస్త్రీకి, సిమెంటుకి కావలసినప్పుడు ఫారం సీ ఇచ్చి తీసుకోవాలి, తీసిన డబ్బు 60 రోజుల్లో వాడాలి. మూసేటప్పుడు ఫారం జీ కి ఆదాయపు పన్ను అధికారి ఆమోదం కావాలి. ఎఫ్‌డీ ఖాతా తెరిచి అదే ఇది అనుకోకుండా, పాసుపుస్తకం మీద పథకం పేరు ఉందో లేదో చూసుకోండి.

చింతతోపు
కొనేవాడు 80 లక్షలకే రిజిస్ట్రేషన్ చేయించుకుని మిగతాది నగదు ఇస్తాడేమో అడగండి. అందరూ చేసేదే.

లెక్కల_మాస్టారు
ఈ చర్చ చట్టబద్ధంగా పన్ను తగ్గించుకోవడం గురించి. ఆ సలహా పాటిస్తే ఏమవుతుందో కూడా చూడండి. స్టాంపు విలువ మీరు రాసిన ధరను 10 శాతానికి మించి దాటితే సెక్షన్ 50సీ కింద ఆ విలువ మీదే లాభం లెక్కిస్తారు. స్థలం బేరంలో 20,000 లేదా అంతకు మించి నగదు తీసుకుంటే తీసుకున్నంతా జరిమానాగా పోవచ్చు. ఆ నగదుతో బాండ్లు కొనలేరు, 54ఎఫ్‌లో చూపలేరు. సున్నా పన్నుకి తెల్లగా దారి ఉండగా నలభై లక్షలు నల్లగా తీసుకోవడం దేనికి?

కొత్తబావి
అసలు అలా ఆలోచించనే లేదు మాస్టారూ. అడ్వాన్సు 5 లక్షలు కూడా బ్యాంకు ద్వారానే నా ఖాతాకి వచ్చింది.

ఒకటి చెప్పడం మరిచాను: చెల్లెలు నాలుగేళ్లుగా అమెరికాలో ఉద్యోగం.

డల్లాస్_దారి
అది మొదటే చెప్పాల్సిన మాట అండీ! చెల్లెలి వాటా లెక్క వేరు.

కొనేవాళ్లు మీకూ అమ్మగారికీ 1 శాతం టీడీఎస్ (ఇచ్చే సొమ్ములోంచే ముందుగా కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) కోస్తారు. ఒక్కొక్కరి వాటా 50 లక్షల లోపే ఉన్నా మొత్తం బేరం దాటింది కాబట్టి కోత తప్పదు, తలా 40,000. చెల్లెలు ఎన్ఆర్ఐ కాబట్టి 12.5 శాతం, సెస్సుతో 13 శాతం. కొనేవాళ్లు సాధారణంగా లాభం మీద కాక మొత్తం 40 లక్షల మీద కోస్తారు, అంటే 5,20,000. బాండ్లు కొంటే ఆమె అసలు పన్ను సున్నా, కానీ ఆ డబ్బు రిటర్ను వేసి తిరిగొచ్చేదాకా ఇరుక్కుంటుంది.

దీనికి మందు ఫారం 13. ట్రేసెస్ అనే ఆదాయపు పన్ను శాఖ పోర్టల్లో చెల్లెలి పాన్‌తో దరఖాస్తు పెట్టి, లాభం లెక్క, అగ్రిమెంటు, బాండ్లు కొంటానన్న వివరం జతచేస్తే తక్కువ కోతకు సర్టిఫికెట్ ఇస్తారు. వారాలు పడుతుంది, ఈ రోజే మొదలుపెట్టండి. రిజిస్ట్రేషన్ అయ్యాక అడిగితే ఇక ప్రయోజనం లేదు.

కొనేవాళ్లు ఆమె కోతను 26క్యూబీలో (నివాసుల కోతకు వాడే ఫారం) కట్టకూడదు, టాన్ (పన్ను కోసేవాళ్లకిచ్చే నంబరు) తీసుకుని 27క్యూలో (ఎన్ఆర్ఐల కోతకు వాడే ఫారం) చూపాలి. ఇది తెలియక అందరికీ 1 శాతం కోసేసి, తర్వాత తేడా వడ్డీతో కట్టినవాళ్లున్నారు.

లెక్కల_మాస్టారు
20 శాతం ఇండెక్సేషన్ దారి ఎన్ఆర్ఐకి లేదు, ఎలాగూ మీకది అక్కర్లేదు. అమ్మగారికి ఉన్న ఇంకో వెసులుబాటు కూడా ఆమెకు లేదు: నివాసి అయిన అమ్మగారు బాండ్లు వద్దనుకుంటే కొత్త పద్ధతిలో 4 లక్షల కనీస పరిమితిని లాభంలోంచి తీసేసి 32,86,000 మీదే కట్టొచ్చు.

డల్లాస్_దారి
అమెరికాలో కూడా చెల్లెలు ఈ అమ్మకాన్ని చూపించాలి. ఇక్కడ బాండ్లతో పన్ను సున్నా అయినా అక్కడ మినహాయింపు రాదు, ఇక్కడ పన్ను కట్టలేదు కాబట్టి క్రెడిట్టూ ఉండదు. కానీ అక్కడి లెక్కలో వారసత్వ ఆస్తికి కొన్న ధర కాదు, నాన్నగారు పోయిన నాటి మార్కెట్ విలువ ఆధారం. ఇటీవలే పోయుంటే అక్కడ లాభం చాలా తక్కువ. ఆ తేదీకి విలువ సర్టిఫికెట్ ఇప్పుడే రాయించి పెట్టండి.

కొత్తబావి
నాన్నగారు పోయింది 2022లో. ఆ విలువ రాయిస్తాను. చెల్లెలు రాలేదు, పవరాఫ్ అటార్నీ పంపుతుంది.

సర్వే_నంబరు
అక్కడ అపోస్టిల్ (అక్కడి ప్రభుత్వ ధ్రువీకరణ) చేయించి గానీ కాన్సులేట్‌లో సంతకం పెట్టి గానీ పంపమనండి. ఇక్కడికొచ్చిన 3 నెలల్లోపు స్టాంపు వేయించాలి. స్థలం వివరం, హద్దులు, అమ్మి సొమ్ము తీసుకునే అధికారం అన్నీ అందులో ఉండాలి. ఆమె వాటా మొత్తం ఆమె ఎన్ఆర్ఓ ఖాతాకే (ప్రవాసులు ఇక్కడి ఆదాయం వేసుకునే బ్యాంకు ఖాతా) వెళ్లాలి. మీ ఖాతాలో వేయించుకుంటే మీ వార్షిక సమాచార పత్రంలో మొత్తం మీదిగా కనబడి రేపు సంజాయిషీ చెప్పుకోవాలి.

వేపచెట్టు
షేర్లలో నష్టం ఉంటే దీనితో సర్దుకోవచ్చా?

గోదారిగట్టు
షేర్లలో స్వల్పకాలిక, దీర్ఘకాలిక నష్టాలు రెండూ ఈ లాభంతో సర్దుకుంటాయి. ఈ ఏటి ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) నష్టం కూడా సర్దుకుంటుంది, గతేడాది నుంచి మోసుకొచ్చినది కుదరదు. ఇంట్రాడే (ఒకే రోజు కొని అమ్మే) నష్టం అసలు కుదరదు. మార్చి 31 లోపు నష్టంలో ఉన్నవి అమ్మి మళ్లీ కొనదలిస్తే మర్నాడు కొనండి. అదే రోజు కొంటే ఇంట్రాడే కింద పోతుంది.

పడమటిల్లు
అమ్మగారి విషయంలో రెండు. పాన్, ఆధార్ లింకు అయ్యిందో లేదో చూడండి. పాన్ పనిచేయకపోతే 1 శాతం బదులు 20 శాతం కోస్తారు. రెండు, బాండ్లతో పన్ను సున్నా అయినా రిటర్ను వేయాల్సిందే, మినహాయింపుకి ముందు లాభం కనీస పరిమితి దాటింది కదా. ముగ్గురికీ ఐటీఆర్-2 ఫారం.

ముందస్తు పన్ను 60 దాటి వ్యాపార ఆదాయం లేని అమ్మగారికి అక్కర్లేదు. మీరు మాత్రం బాండ్లు, ఇల్లు పోను పన్ను మిగిలితే మార్చి 15 లోపు కట్టేయండి, లేకపోతే నెలకు 1 శాతం వడ్డీ. ఫిబ్రవరి 20న రిజిస్ట్రేషన్ అయితే బాండ్ల గడువు ఆగస్టు దాకా ఉంటుంది, కానీ రిటర్ను జూలై 31 లోపు కాబట్టి దానికి ముందే కొనేయండి.

కొత్తబావి
అగ్రిమెంటు నా ఒక్కడి పేరే ఉంది. ఇప్పుడు మార్చాలా?

సర్వే_నంబరు
మార్చాలి. ముగ్గురినీ అమ్మకందార్లుగా పెట్టి కొత్త అగ్రిమెంటు రాయించండి. ఒక్కొక్కరి వాటా మూడో వంతు, ఒక్కొక్కరికి 40 లక్షలు, ఖాతా నంబర్లతో సహా. వచ్చిన 5 లక్షలు ఎవరి వాటాలో జమో రాయండి. మీ వాటాలోనే చూపిస్తే సులువు, మీకు ఇక 35 లక్షలు రావాలి. చెల్లెలి టీడీఎస్ సర్టిఫికెట్ ప్రకారమే కోయాలని ఒక షరతు. రిజిస్ట్రేషన్ రోజు ఒక్క డీడీ తెస్తామంటే ఒప్పుకోకండి, మూడు విడివిడిగా తెమ్మనండి.

కొత్తబావి
కొనేవాళ్లతో మాట్లాడాను, కొత్త అగ్రిమెంటుకి సరేనన్నారు. టాన్ అంటే ఏమిటని అడిగారు, డల్లాస్ గారి పోస్టు పంపాను. చెల్లెలు ఈ రాత్రే ట్రేసెస్‌లో లాగిన్ తెరుస్తోంది.